సమాంతర, మల్టీమీడియా డేటాబేస్‌లు: ప్రశ్నకు పట్టే సమయం

ఒక టెరాబైట్ సమాచారం ఒకే డిస్క్‌లో ఉందనుకుందాం. సెకనుకు 100 మెగాబైట్ల చొప్పున మొదటి నుంచి చివరిదాకా చదవడానికి 10,000 సెకన్లు, అంటే రెండుముప్పావు గంటలకు పైగా పడుతుంది. దాన్నే 100 డిస్కులకు సమంగా పంచి, అన్నిటినీ ఒకేసారి చదివిస్తే 100 సెకన్లలో పని ముగుస్తుంది. సమాంతర డేటాబేస్ వెనకున్న ఆశంతా ఈ చిన్న లెక్కలో ఉంది. కష్టమంతా ‘సమంగా’ అనే ఒక్క మాటలో ఉంది. ఆ వందలో ఒక డిస్క్ మీద తన వాటాకు ఐదింతలు పడితే, మిగతా 99 ఖాళీగా కూర్చున్నా సమాధానం రావడానికి 500 సెకన్లు పడుతుంది. పంక్తి భోజనంలో ఆఖరి మనిషి విస్తరి ఖాళీ అయ్యేదాకా ఎవరూ లేవనట్టే.

డేటాబేస్ పరిశోధనలో ఈ పంపకం ఒక పాయ. బొమ్మలు, పాటలు, వీడియోలు నిల్వచేసి వెతికిపెట్టే మల్టీమీడియా డేటాబేస్‌లు మరో పాయ. చాలాకాలం ఈ రెంటినీ వేర్వేరుగా బోధించారు, వేర్వేరు పుస్తకాల్లో రాశారు. దగ్గరగా చూస్తే రెండు చోట్లా పరిశోధకులు పెనుగులాడింది ఒకే చిక్కుతో. ప్రశ్న నడవడానికి ముందే, సమాచారం ఎక్కడ ఎంత ఉందో యంత్రం ఊహించాలి. ఆ ఊహ తప్పితే ఎంత వేగమైన యంత్రమైనా ఆలస్యమే చేస్తుంది.

మొదట్లో అందరి చూపూ యంత్రం మీదే ఉంది. 1970లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్ రిలేషనల్ నమూనాను ప్రతిపాదించాడు. సమాచారాన్ని పట్టికలుగా ఉంచి, ‘ఏం కావాలో’ చెబితే చాలు, ‘ఎలా తేవాలో’ వ్యవస్థే చూసుకుంటుందన్నది దాని సారం. వినడానికి హాయిగా ఉన్నా, అప్పటి కంప్యూటర్లకు అది తలకు మించిన బరువు. దాంతో డేటాబేస్ పనికే ప్రత్యేకంగా యంత్రాలు కట్టాలన్న ఉత్సాహం పుట్టింది. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ డివిట్ 1970ల చివర్లో చేపట్టిన డైరెక్ట్ ప్రాజెక్టు అలాంటిదే. ఆ ఉత్సాహం మీద నీళ్లు చల్లినవాడూ డివిటే. 1983లో హరన్ బోరాల్‌తో కలిసి, డేటాబేస్ యంత్రాల కాలం చెల్లిపోయిందా అని శీర్షికలోనే అడుగుతూ ఒక పత్రం రాశాడు. ప్రాసెసర్లు ఎన్ని పెంచినా డిస్కులు వాటికి సరిపడా మేత అందించలేకపోతే లాభం లేదన్నది అందులోని వాదన. సొంత పనిని ఇంత నిర్మొహమాటంగా తూచిన పరిశోధకులు అరుదు.

ఆ పాఠం నుంచి వచ్చిందే గామా. 1984లో మొదలైన ఈ ప్రాజెక్టు తొలి రూపంలో 17 వ్యాక్స్ కంప్యూటర్లు, ఒక్కోదానికి 2 మెగాబైట్ల మెమరీ, వాటిని కలిపే సెకనుకు 80 మెగాబిట్ల టోకెన్ రింగ్ ఉండేవి. ప్రత్యేక హార్డ్‌వేర్ ఏదీ లేదు, అన్నీ బజార్లో దొరికే సరుకే. ఆ తర్వాత దాన్ని 32 ప్రాసెసర్ల ఇంటెల్ హైపర్‌క్యూబ్ మీదికి మార్చారు. అక్కడ ప్రతి ప్రాసెసర్‌కూ సొంత డిస్క్, సొంత మెమరీ. ఒకదాని సొత్తు జోలికి ఇంకొకటి పోదు, అవసరమైతే కబురు పంపుతుందంతే. 1986లో మైకేల్ స్టోన్‌బ్రేకర్ ఈ ఏర్పాటుకు ‘షేర్డ్ నథింగ్’ అన్న పేరుతో వకాల్తా పుచ్చుకున్నాడు. ఉమ్మడి కుటుంబంలా అందరూ ఒకే మెమరీ వాడుకుంటే కొద్దిమంది ఉన్నంతవరకూ బాగానే ఉంటుంది, సంఖ్య పెరిగాక వంటిల్లు ఇరుకవుతుంది. వేరుకాపురాలైతే వందల దాకా పెంచుకుంటూ పోవచ్చు.

పరిశోధనశాలకు బయట ఈ దారి పట్టిన సంస్థ టెరాడేటా. 1979లో కాలిఫోర్నియాలో పుట్టిన ఈ కంపెనీ తన తొలి యంత్రానికి డీబీసీ/1012 అని పేరు పెట్టింది. పదికి పన్నెండో ఘాతం, అంటే టెరాబైట్. డిస్కులను మెగాబైట్లలో కొలుస్తున్న రోజుల్లో అంత పెద్ద అంకెను పేరులోనే పెట్టుకోవడానికి ధైర్యం కావాలి. బ్యాంకుల లావాదేవీలకు పేరుపడ్డ టాండెమ్ సంస్థ 1987లో నాన్‌స్టాప్ ఎస్క్యూఎల్‌ను తెచ్చింది. అక్కడ పనిచేసిన జిమ్ గ్రే, డివిట్‌తో కలిసి 1992లో రాసిన సమీక్షా వ్యాసం ఈ రంగానికి ఇప్పటికీ ప్రవేశద్వారం లాంటిది. సమాంతర వ్యవస్థను తూచడానికి వాళ్లు రెండు కొలతలను ముందుకు తెచ్చారు. యంత్రాలను రెట్టింపు చేస్తే అదే పని సగం సమయంలో కావాలి, ఇది స్పీడప్. యంత్రాలూ సమాచారమూ రెండూ రెట్టింపైతే సమయం మారకూడదు, ఇది స్కేలప్. ఈ రెంటికీ అడ్డొచ్చేవి మూడు: పని మొదలెట్టడానికయ్యే జాప్యం, యంత్రాలు ఒకదానికొకటి అడ్డుపడటం, పని ఒకవైపే మొగ్గడం.

మూడోదే అసలు మొండిది.

పట్టికలోని వరుసలను యంత్రాలకు పంచే పద్ధతులు ప్రధానంగా మూడు. పేకముక్కలు పంచినట్టు వరసగా ఒక్కోటి వేసుకుంటూ పోవచ్చు. పంపకం సమంగా ఉంటుంది గానీ, ఫలానా ఖాతా కావాలంటే అన్ని యంత్రాల తలుపులూ తట్టాలి. విలువల శ్రేణులుగా విడగొట్టవచ్చు. ఇంటిపేర్లను మొదటి అక్షరాన్ని బట్టి పంచితే ‘క’, ‘మ’ దక్కిన యంత్రాలు మోయలేనంత మోస్తాయి, ‘ఠ’ దక్కినది గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుంది. మూడోది హ్యాష్ పద్ధతి. విలువను ఒక గణిత సూత్రంలో వేసి, వచ్చిన అంకెను బట్టి యంత్రాన్ని నిర్ణయిస్తారు.

రెండు పట్టికలను కలిపే జాయిన్ పనిలో ఈ హ్యాష్ ఎంత అందంగా ఒదిగిందో చెప్పుకోవాలి. ఒక పట్టికలో ఖాతాదారులు, ఇంకోదానిలో వాళ్ల కొనుగోళ్లు ఉన్నాయి. రెండింటినీ ఖాతా సంఖ్య మీద ఒకే సూత్రంతో పంచితే, ఒక ఖాతాకు సంబంధించినవన్నీ తప్పనిసరిగా ఒకే యంత్రం దగ్గరికి చేరతాయి. ఇక ఏ యంత్రం వాటాను ఆ యంత్రం కలుపుకుంటే సరి, పక్కదాన్ని అడిగే పని ఉండదు. టోక్యో విశ్వవిద్యాలయంలో మసారు కిట్సురెగావా బృందం గ్రేస్ అనే యంత్రం కోసం 1983లో ఈ ఆలోచనను వివరించింది. మెమరీలో పట్టినంత భాగాన్ని డిస్క్‌కు పంపకుండా అక్కడికక్కడే కలిపేసే హైబ్రిడ్ పద్ధతిని మరుసటి ఏడు డివిట్, ఆయన సహచరులు చూపారు. అయినా మొగ్గు పూర్తిగా పోదు. కొనుగోళ్లలో సగం ఒకే పెద్ద ఖాతావి అయితే ఏ సూత్రమూ వాటిని విడగొట్టలేదు.

గోట్జ్ గ్రేఫ్ వోల్కనో వ్యవస్థలో చేసిన పని చూడటానికి చిన్నది, ఫలితంలో చాలా పెద్దది. పంపకం తాలూకు గొడవంతా ‘ఎక్స్ఛేంజ్’ అనే ఒక్క ఆపరేటర్‌లో పెట్టాడు. వడపోత, క్రమబద్ధీకరణ, జాయిన్ చేసే మిగతా ఆపరేటర్లకు తాము ఒక యంత్రం మీద నడుస్తున్నామో వంద మీద నడుస్తున్నామో తెలియనే తెలియదు. 1990 నాటి ఈ ఆలోచన స్పార్క్ వంటి నేటి వ్యవస్థల్లోనూ అదే పేరుతో కనిపిస్తుంది.

ఏది వేగం, ఏది నెమ్మది అని తేల్చడానికి కొలబద్ద కావాలి. 1983లో డీనా బిటన్, డివిట్, కరొలిన్ టర్బీఫిల్ విస్కాన్సిన్ బెంచ్‌మార్క్ ప్రచురించారు. ఉత్పత్తుల పేర్లతో సహా ఫలితాలు బయటికి రావడం అమ్మకందార్లలో కొందరికి రుచించలేదు. అనుమతి లేకుండా వేగపరీక్షల ఫలితాలు ప్రచురించరాదనే షరతు తర్వాత ఒరాకిల్ లైసెన్సులో చేరింది. పరిశ్రమలో దానికి నేటికీ ‘డివిట్ క్లాజ్’ అనే పేరు. 1988లో ఏర్పడ్డ టీపీసీ అనే సంఘం అందరికీ ఉమ్మడి పరీక్షలు రూపొందించింది. ఎనిమిది పట్టికలు, 22 ప్రశ్నలున్న టీపీసీ-హెచ్ వాటిలో పరిశోధకులకు బాగా పరిచయమైనది.

పంపకం ఎంత బాగున్నా, ఏ పని ముందు ఏది వెనక అన్నది నిర్ణయించేది ఆప్టిమైజర్. 1979లో పెట్రీషియా సెలింజర్, ఐబీఎం సహోద్యోగులు సిస్టమ్ ఆర్ అనే రిలేషనల్ డేటాబేస్ కోసం రాసిన పత్రం దీనికి మూలం. ఒక షరతుకు ఎన్ని వరుసలు నిలుస్తాయో అంచనా వేసి, దాన్ని బట్టి ఒక్కో మార్గానికి ఖర్చు కట్టి, చవకైనది ఎంచుకోవాలి. సమాచారం చేతిలో లేనప్పుడు ఏం చేయాలి? సమానత్వ షరతుకు పదో వంతు, ‘కంటే ఎక్కువ’ అన్న షరతుకు మూడో వంతు నిలుస్తాయని అనుకోమంది ఆ పత్రం. శాస్త్రం కంటే ఇది పెద్దమనుషుల ఒప్పందంలా ఉందని నవ్వుకోవచ్చు. కానీ వేరే ఆధారం లేనప్పుడు పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ఈనాటికీ అసమానతకు ఆ మూడో వంతునే వాడుతుంది.

ఈ అంచనాలు ఎక్కడ బోల్తా కొడతాయో చెప్పడానికి దూరం పోనక్కర్లేదు. ఒక రైతుల పట్టికలో పదో వంతు మంది గుంటూరు వాళ్లు, పదో వంతు మంది మిర్చి వేసేవాళ్లు అనుకుందాం. గుంటూరులో మిర్చి వేసేవాళ్లు ఎందరని అడిగితే, రెండు షరతులకూ సంబంధం లేదనుకునే ఆప్టిమైజర్ పదో వంతులో పదో వంతు, అంటే నూటికి ఒకరని లెక్కగడుతుంది. గుంటూరు మిర్చి యార్డు పేరు విన్న ఎవరైనా ఆ అంకెను నమ్మరు. ఇలాంటి తప్పు ప్రతి జాయిన్‌లోనూ రెండింతలైతే ఆరో మెట్టుకు 64 రెట్లవుతుంది. జాయిన్‌ల సంఖ్యతో పాటు ఈ దోషం ఘాతీయంగా పెరుగుతుందని యానిస్ ఇయోనిడిస్, స్టావ్రోస్ క్రిస్టోడులాకిస్ 1991లో గణితపరంగా చూపారు. 2015లో విక్టర్ లైస్, సహచరులు సినిమాల సమాచారమున్న ఐఎండీబీ పట్టికల మీద 113 ప్రశ్నలతో పరీక్షిస్తే, పాతికేళ్ల తర్వాత కూడా ప్రధాన దోషి వరుసల అంచనానేనని తేలింది. ఖర్చు సూత్రాల్లోని లోపాల ప్రభావం దాని ముందు చిన్నదే.

బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో జయంత్ హరిత్సా బృందం ఈ చిక్కును కళ్లకు కట్టింది. షరతుల తీవ్రత మారేకొద్దీ ఆప్టిమైజర్ ఏ ప్రణాళిక ఎంచుకుంటుందో రంగుల పటంగా గీస్తే, కొన్ని వాణిజ్య వ్యవస్థల పటాలు క్యూబిస్టు చిత్రాల్లా వచ్చాయి. ఆ పనిముట్టుకు పికాసో అనే పేరు పెట్టారు. డజన్ల కొద్దీ రంగులున్న ఆ పటాలను, ఖర్చు 20 శాతం పెరిగినా ఫర్వాలేదనుకుంటే, పది రంగుల చుట్టుపక్కలకు కుదించవచ్చని 2007లో చూపారు. 2014లో అన్షుమన్ దత్, హరిత్సా మరో అడుగు వేశారు. అంచనానే మానేసి, కొన్ని ప్రణాళికలను పరిమిత బడ్జెట్‌తో ఒక్కొక్కటిగా నడిపి, చాలకపోతే బడ్జెట్‌ను రెట్టింపు చేసుకుంటూ పోవడం. తెలియని షరతు ఒక్కటే ఉన్నప్పుడు, ఎంత దురదృష్టం వెంటాడినా అయ్యే ఖర్చు అత్యుత్తమ మార్గానికి నాలుగింతలు దాటదన్న హామీ ఇందులో ఉంది.

ఇంతవరకూ ప్రశ్నలన్నీ అవునో కాదో అని తేలిపోయేవి. ఖాతా సంఖ్య సరిపోతుంది, లేదా సరిపోదు. బొమ్మ వచ్చేసరికి ఈ నిక్కచ్చితనం పోతుంది. సూర్యాస్తమయంలా ఉన్న ఫొటో కావాలంటే, ఎంత నారింజ రంగుంటే సూర్యాస్తమయమవుతుంది? ఈ ప్రశ్న ఉత్తినే పుట్టలేదు. కాలిఫోర్నియా జలవనరుల శాఖ దగ్గర లక్షల స్లైడ్లు పోగుపడి ఉండేవి. వాటిలో శాక్రమెంటో దగ్గర తీసిన సూర్యాస్తమయాలు వెతకాలన్నది స్టోన్‌బ్రేకర్ తరచూ చెప్పిన ఉదాహరణ. ఆయన బర్క్‌లీలో నడిపిన పోస్ట్‌గ్రెస్ ప్రాజెక్టు, దాని నుంచి పుట్టిన ఇలస్ట్రా కంపెనీ, కొత్త రకాల సమాచారాన్నీ వాటికి తగిన ఫంక్షన్లనూ డేటాబేస్‌లోకే చేర్చుకునే వీలు కల్పించాయి.

అక్కడొక పాత సూత్రం తిరగబడింది. వడపోత షరతులను వీలైనంత ముందు నడిపించాలన్నది ఆప్టిమైజర్ల తొలి పాఠం. కానీ ఫొటోను విప్పి రంగులు లెక్కపెట్టే వడపోత ఒక్కో వరుసకు మామూలు పోలిక కంటే వేల రెట్లు ఖరీదు కావచ్చు. ముందు జాయిన్ చేసి, మిగిలిన కొద్ది ఫొటోలనే విప్పడం మేలు. 1993లో జోసెఫ్ హెల్లర్‌స్టీన్, స్టోన్‌బ్రేకర్ ప్రతి షరతుకూ అది వడగట్టే పాలు, అడిగే ఖర్చు కలిపి ఒక ర్యాంకు కట్టి, ఆ వరుసలో నడిపే పద్ధతిని ఇచ్చారు.

1990లలో ఐబీఎం అల్మాడెన్ ప్రయోగశాలలో తయారైన క్యూబిక్ వ్యవస్థ రంగు, నేత, ఆకారం ఆధారంగా బొమ్మలు వెతికేది. రష్యాలోని హెర్మిటేజ్ మ్యూజియం వెబ్‌సైటులో సందర్శకులు రంగులు ఎంచుకుని చిత్రాలు వెతికే సదుపాయం దీంతోనే నడిచింది. అదే ప్రయోగశాలలో రొనాల్డ్ ఫేగిన్‌కు ఎదురైన చిక్కు ఒకటుంది. బీటిల్స్ ఆల్బమ్‌లలో ఎర్రట్టవి కావాలి. పాడింది బీటిల్సా అన్నది మామూలు డేటాబేస్ చెబుతుంది. ఎరుపు ఎంత అన్నది క్యూబిక్ మార్కులేసి వరుసగా ఇస్తుంది. రెండు వేర్వేరు జాబితాలను కలిపి, మొత్తం చదవకుండా మొదటి పదీ తేల్చడమెలా?

ఫేగిన్ 1996లో ఒక మార్గం చూపాడు. 2001లో అమ్నన్ లోటెమ్, మొనీ నవోర్‌తో కలిసి దాన్ని మరింత తేలిక చేశాడు. రంగుకో జాబితా, ఆకారానికో జాబితా, రెండూ పెద్ద మార్కు నుంచి చిన్న మార్కుకు దిగుతున్నాయి. రెండింటినీ సమాంతరంగా పైనుంచి చదువుతూ రావాలి. కంటబడ్డ ప్రతి బొమ్మకూ రెండో జాబితాలో మార్కు వెంటనే కనుక్కోవాలి, రెండింటిలో తక్కువదే దాని మొత్తం అనుకోవాలి. రంగు జాబితాలో 0.8 దాకా, ఆకారం జాబితాలో 0.7 దాకా దిగామంటే, ఇంకా కంటబడని బొమ్మ దేనికీ 0.7 కంటే ఎక్కువ రాదు. చేతిలో అప్పటికే 0.7కు తగ్గనివి పది ఉంటే అక్కడే ఆగిపోవచ్చు. థ్రెషోల్డ్ అల్గారిథమ్ అంటే ఇంతే. ఇంత సులువైన సంగతికి 2014లో సైద్ధాంతిక కంప్యూటర్ శాస్త్రంలో ప్రతిష్ఠాత్మకమైన గోడెల్ బహుమతి దక్కింది. ఏ సమాచారం మీదైనా, సరైన సమాధానానికి భరోసా ఇస్తూ దీనికంటే ఒక స్థిర గుణకాన్ని మించి తక్కువలో ముగించే పద్ధతి ఉండదన్న నిరూపణే దాని విలువ.

బొమ్మను యంత్రం చూసేది అంకెల వరుసగా. రంగులకు 64 అంకెలనుకుంటే, ప్రతి ఫొటో 64 కొలతల అంతరాళంలో ఒక చుక్క. ‘ఇలాంటిది’ అంటే దగ్గరి చుక్క. దగ్గరివి వెతకడానికి ఆంటొనిన్ గట్‌మన్ 1984లో ఇచ్చిన ఆర్-ట్రీ అనే ఇండెక్స్ రెండు కొలతల పటం మీద చక్కగా నడుస్తుంది. కొలతలు పెరిగేకొద్దీ, చుక్కలను గుంపులుగా చుట్టే దాని పెట్టెలు ఒకదాని మీదొకటి పడి, ఏ కొమ్మనూ వదలలేని పరిస్థితి వస్తుంది. పది కొలతలు దాటాక ఇండెక్స్ కంటే మొత్తం వరసగా చదివేయడమే వేగమని 1998లో రోజర్ వెబర్, హాన్స్-యోర్గ్ షెక్, స్టీఫెన్ బ్లాట్ తేల్చారు. మొత్తం చదవడం సమాంతర యంత్రాలకు వెన్నతో పెట్టిన విద్య. రెండు పాయలూ అనుకోకుండా ఇక్కడ కలిశాయి. మరుసటి ఏడు విస్కాన్సిన్ నుంచి కెవిన్ బేయర్, జొనాథన్ గోల్డ్‌స్టీన్, రఘు రామకృష్ణన్, ఉరి షాఫ్ట్ ఇంకా ఇబ్బందికరమైన సంగతి చెప్పారు. కొన్ని సాధారణ పరిస్థితుల్లో, 10-15 కొలతలకే అతి దగ్గరి చుక్కకూ అతి దూరపు చుక్కకూ తేడా కరిగిపోతుంది. అప్పుడు ‘దగ్గరిది’ అన్న మాటకే అర్థం ఉండదు. ఈ రామకృష్ణన్ పేరు మన ఇంజినీరింగ్ కాలేజీల్లో డేటాబేస్ చదివినవాళ్లకు పాఠ్యపుస్తకం అట్ట మీద పరిచయమే.

దారి వదులుకోవడంలో దొరికింది. కచ్చితంగా దగ్గరిదే కాకపోయినా, దాదాపు దగ్గరిది చాలనుకుంటే వేగం వస్తుంది. 1998లో స్టాన్‌ఫర్డ్‌లో పీటర్ ఇండిక్, రాజీవ్ మొత్వాని దగ్గరి చుక్కలు ఒకే గంపలో పడే అవకాశం ఎక్కువుండేలా హ్యాష్ చేయడం నేర్పారు. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో సి.వి. జవహర్ బృందం స్కాన్ చేసిన తెలుగు పుస్తకాల మీద చేసిన పని ఈ కుదురులోదే. తెలుగు అచ్చులోని అక్షరాలను గుర్తించే మంచి ఓసీఆర్ లేని రోజులవి. అక్షరాలను గుర్తించడం పక్కనపెట్టి, పుటల్లోని పదాల బొమ్మలను ఒకేలా కనబడేవి ఒక గుంపుగా చేర్చి, ఒక్కో బొమ్మకు బదులు గుంపు మొత్తానికి ఒకే పదాన్ని అతికించారు. చదివే మనిషి మాట టైపు చేస్తే, ఆ మాట ఉన్న పుటలు బయటికొస్తాయి.

వీడియోకు ఇంకో షరతు ఉంది: గడువు. సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున రెండు గంటల సినిమా 3.6 గిగాబైట్లు. తర్వాతి ముక్క క్షణం ఆలస్యమైతే తెర మీద బొమ్మ ఆగిపోతుంది. సినిమాను ముక్కలు చేసి డిస్కుల మీద వరసగా పరచడం మామూలు ఉపాయం. కానీ ఒక వీడియోకు రెండు డిస్కుల వేగం చాలు, ఇంకోదానికి ఐదు కావాలి. గామా ప్రాజెక్టులో డేటా పంపకం మీద పరిశోధన చేసి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వెళ్లిన షారాం ఘండేహరిజాదే, సహచరులు 1994లో స్టాగర్డ్ స్ట్రైపింగ్ ప్రతిపాదించారు. ప్రతి ముక్క మొదలయ్యే డిస్క్ ముందటి ముక్క కంటే కొన్ని స్థానాలు జరుగుతుంది. వేర్వేరు వేగాలు కోరే వీడియోలు ఒకే డిస్కుల గుంపు మీద ఒకదాన్నొకటి తొక్కుకోకుండా సాగిపోతాయి. పట్టికల పంపకంలో నేర్చిన విద్య సినిమాలకు పనికొచ్చిందన్నమాట.

2004లో గూగుల్ నుంచి వచ్చిన మ్యాప్‌రిడ్యూస్ ఈ కథను కాస్త గందరగోళపరిచింది. వేల యంత్రాలు, తేలికైన ప్రోగ్రామింగ్, మధ్యలో ఏ యంత్రం చచ్చినా ఆగని పని. ఇదంతా నలభై ఏళ్లు నేర్చుకున్నది మరిచిపోవడమేనని డివిట్, స్టోన్‌బ్రేకర్ 2008లో ఘాటుగా విమర్శించారు. మరుసటి ఏడు ఆండ్రూ పావ్లో, ఈ ఇద్దరితో సహా ఇతరులు, 100 యంత్రాల మీద, మ్యాప్‌రిడ్యూస్ పద్ధతిలో నడిచే హడూప్‌ను రెండు సమాంతర డేటాబేస్‌లతో పోటీపెట్టారు. ప్రశ్నల్లో డేటాబేస్‌లు బాగా ముందున్నాయి, సమాచారం ఎక్కించడంలో హడూప్ వాటిని మించింది. పోటీపడ్డ వాటిలో ఒకదాని పేరు వెర్టికా. ఇంకోదాన్ని ‘డీబీఎంఎస్-ఎక్స్’ అని మాత్రమే రాశారు. డివిట్ స్వయంగా సహరచయితగా ఉన్న పత్రంలో ఆ ముసుగు పేరు చదువుతుంటే, లైసెన్సు షరతు సంగతి గుర్తుకు రాక మానదు.

ఇప్పుడు బొమ్మలు, వాక్యాలు, పాటలు అన్నీ న్యూరల్ నెట్‌వర్కుల చేతిలో వందల కొలతల వెక్టర్లవుతున్నాయి. 2016లో యూరీ మాల్కోవ్, దిమిత్రీ యాషునిన్ ప్రతిపాదించిన హెచ్‌ఎన్‌ఎస్‌డబ్ల్యూ గ్రాఫ్ వాటిలో దాదాపు దగ్గరివాటిని చకచకా పట్టిస్తుంది. పీజీవెక్టర్ అనే అనుబంధం ద్వారా అది పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లోకీ వచ్చింది. దాంతో 1993 నాటి ప్రశ్న మళ్లీ గుమ్మంలో నిలబడింది. ఒక కొనుగోలుదారు పోచంపల్లి చీర ఫొటో పెట్టి, ఇలాంటిదే మూడు వేల లోపు చూపమన్నారనుకోండి. ముందు ధర వడగట్టాలా, ముందు పోలిక చూడాలా? పీజీవెక్టర్ గ్రాఫ్‌లో మామూలుగా 40 చీరలను ఏరి, ఆ తర్వాత ధర చూస్తుంది. పదింటిలో ఒకటే ఆ ధరకు వచ్చే దుకాణమైతే, సగటున నాలుగు చీరలే మిగులుతాయి, అడిగింది పది అయినా సరే. చాలినన్ని దొరికేదాకా గ్రాఫ్‌లో ఇంకా ముందుకు వెళ్లి వెతికే వీలును 2024లో వచ్చిన 0.8 వెర్షన్ కల్పించింది. ఎంత ముందుకు వెళ్లాక ఆగాలో చెప్పే హద్దును మాత్రం వాడేవాళ్లే మార్చుకునేలా ఉంచారు.